తువ్వాలు కింద చెయ్యి

మిర్చి యార్డు గేటు దగ్గర మా నాన్నకు గోతాల కొట్టు ఉండేది. గోతాలు, పురికొస, వాటిని కుట్టే దబ్బనాలు అమ్మేవాడు. ఆ ఘాటులోనే పుట్టి పెరిగాను. బయటి ఊళ్ళవాళ్ళు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గుతూ పోతుంటే, పాపం వీళ్ళకి గాలి పీల్చడం కూడా ఎవరూ నేర్పలేదనుకునేదాన్ని.

అక్షరాలకన్నా ముందు నాన్న నాకు బేరం నేర్పాడు. ఇప్పుడంటే ఫోన్లూ తెరలూ వచ్చాయి గాని, యార్డులో పాతకాలపు వ్యాపారులు ధర నోటితో చెప్పేవాళ్ళు కాదు. అమ్మేవాడూ కొనేవాడూ చెయ్యీ చెయ్యీ కలిపి పైన తువ్వాలు కప్పుకునేవాళ్ళు. లోపల వేళ్ళు నొక్కడమే మాట. చుట్టూ ఉన్నవాళ్ళకి ఇద్దరి మొహాలు తప్ప ఏమీ కనపడేవి కావు. ఆ మొహాలు కూడా ఇంట్లో ఎవరో పోయినట్టు పెట్టుకునేవాళ్ళు. చెయ్యి వదిలేస్తే బేరం చెడినట్టు. ఏ వేలూ నొక్కకపోయినా చెయ్యి పట్టుకునే ఉంటే బేరం ఇంకా నడుస్తున్నట్టు. అన్నానికి కూర్చునే ముందు నాన్న తన ఎర్రగళ్ళ తువ్వాలు మా ఇద్దరి చేతుల మీద కప్పి, ఇంకో చేపముక్క కావాలంటే వేలు నొక్కి అడగమనేవాడు. "తండ్రీ కూతుళ్ళ వ్యాపారం తెమిలితే అన్నం వడ్డిస్తా" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది.

నాన్న నేర్పింది ఇంకొకటి ఉంది. గోతం మూతి కుట్టేశాక ఎత్తడానికి పట్టు ఉండాలని రెండు మూలలూ చెవుల్లా పైకి లాగి పురికొసతో కడతారు. అందరూ ముందుకు తిప్పి కడితే నాన్న ఒక చుట్టు వెనక్కి వేసి ముడి బిగించేవాడు. ఆ ముడి ఊడేది కాదు. దాన్ని ఇద్దరికే నేర్పాడు. ఒకరు నేను. రెండోవాడు మా బాబాయి, నాన్న సొంత తమ్ముడు.

నాన్న కామెర్లు ముదిరి ఆసుపత్రిలో పడితే కొట్టు తాను చూసుకుంటానని బాబాయి ముందుకొచ్చాడు. చూసుకున్నాడు. ఎంత చక్కగా చూసుకున్నాడంటే, నాన్న లేచి నాలుగడుగులు వేసేసరికి అద్దె ఒప్పందం తన పేరు మీదికి మార్పించుకున్నాడు, బోర్డు మీద నాన్న పేరు చెరిపించి తన పేరు రాయించాడు. "అన్నయ్య ఇంక లేవడండీ, లేచినా కొట్లో కూర్చోలేడు" అని కొట్టు గలాయనకి చెప్పాడట. నన్ను ఊతగా పట్టుకుని నాన్న అక్కడికి వెళ్ళాడు. బాబాయి గల్లాపెట్టె దగ్గర నుంచి లేవలేదు. వచ్చిపోయే రైతులు కూర్చునే స్టూలు చూపించి, "కూర్చో అన్నయ్యా. అన్నయ్యకో టీ చెప్పండ్రా" అన్నాడు.

నాన్న ఆ టీ తాగాడు.

గ్లాసు విసిరికొడతాడేమో, కనీసం నాలుగు తిడతాడేమోనని చూశాను. ఊదుకుంటూ అడుగు దాకా తాగి, గ్లాసు కింద పెట్టి, "పద అమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. డాక్టర్లు కామెర్లన్నారు. నేను టీ అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

బాబాయీ మేమూ ఒకే చర్చి. ఆయన సంఘ పెద్ద అయ్యాడు, మగవాళ్ళ వైపు ముందు వరుసలో కూర్చునేవాడు. నేను వెనక కూర్చుని ఆయన మెడ చూస్తూ ప్రార్థన చేసేదాన్ని. భక్తిలో ఎవరికీ తీసిపోలేదు. దుర్మార్గుల పళ్ళు రాలగొట్టమని వెనకటి భక్తులు దేవుడికి మొరపెట్టుకున్న భాగాలు నాకు కంఠతా వచ్చు. బాబాయి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నప్పుడు అది నా ప్రార్థనకు వచ్చిన జవాబేనని పొంగిపోయాను. "మీ నాన్న వైపు అందరికీ పళ్ళు అంతేనే" అని అమ్మ ఆ కాస్త సంతోషమూ పాడుచేసింది.

ఏళ్ళ తరబడి గేటు పక్కన తోపుడు బండి మీద గోతాలు అమ్మాను. చివరికి ఒక డిసెంబరులో, సరిగ్గా బాబాయి కొట్టుకి ఎదురుగా ఉన్న కొట్టు ఖాళీ అయింది. దాని యజమాని నల్లపాడు నుంచి వచ్చిపోయే ముసలాయన. నాకివ్వడానికి ఒప్పుకుని తాళం చేతిలో పెట్టాడు. పసుపు మీద ఎర్రటి అక్షరాలతో నాన్న పేరు బోర్డు రాయించాను. గుమ్మంలోంచి నేరుగా బాబాయి గల్లాపెట్టె మీద నాన్న చూపు పడేలా ఫొటోకి మేకు కొట్టించాను. బాబాయికి టీ పంపే బంకు నుంచే నా కొట్టుకొచ్చే ప్రతి రైతుకీ టీ పోయించాలి. పురికొస ఆయనకన్నా తక్కువకు అమ్మాలి. ఆయన షట్టరు దించే రోజు నేను స్టూలు బయట వేసుకుని కూర్చోవాలి. ఇన్నాళ్ళూ నేను బతికిందే ఆ రోజు కోసం.

జనవరి ఒకటిన ఆరాధనకు వెళ్ళాను. కొత్త సంవత్సరానికి మా చర్చిలో వాగ్దానం తీస్తాం. ఒక్కో అట్టముక్క మీద ఒక్కో దేవుని మాట అచ్చువేసి ఉంటుంది. పళ్ళెంలో బోర్లించి తెస్తారు. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే ఆ ఏడాదికి అదే మనకిచ్చిన మాట. శత్రువు కూలిపోతాడని ఏదైనా రాకపోతుందా అని తీశాను. ఉన్నచోటు విడిచిపెట్టి, తాను చూపించబోయే చోటికి బయలుదేరమనే అర్థం వచ్చే మాట వచ్చింది.

కొత్తగా తాళం పుచ్చుకున్నదానికి ఇదేం మాట? నేను కొట్టుమనిషిని. సరుకు నచ్చకపోతే మార్చుకోవడం మా హక్కు. అట్టముక్కను పళ్ళెంలో పెట్టేసి ఇంకోటి తీశాను. పళ్ళెం పట్టుకున్న పాస్టరు అయ్యగారి భార్య కళ్ళు పెద్దవి చేసింది.

"ఏంటమ్మాయ్, మార్పిడా? ఇదేమన్నా చీరల కొట్టా?"

"వేలు జారిందండీ అమ్మగారూ."

"నీ వేలు జారడం నేనెప్పుడూ చూళ్ళేదే!"

రెండోది తిప్పి చూశాను. అదే మాట. అచ్చువేసేవాళ్ళు ఒక్కో మాటను చాలా అట్టల మీద వేస్తారు, అందులో వింతేమీ లేదు. అయినా దాన్ని వెనక్కి పెట్టే ధైర్యం రాలేదు.

ఆఖర్లో అయ్యగారు ఒక ప్రకటన చేశారు. ప్రకాశం జిల్లా మెట్టలో ఒక పల్లె ఉందట. పేరు నేనెప్పుడూ విననిది. మిరపకోతలు మొదలైతే ఊరు ఊరంతా మన వైపు వలస వస్తుందట. పిల్లలు బడి మానేసి అమ్మానాన్నల వెంట మిరపచేలల్లో తిరుగుతున్నారట. వాళ్ళను అక్కడే ఉంచి అన్నం పెట్టి బడికి పంపడానికి ఒక రేకుల షెడ్డు వేశారు. చూసుకునే మనిషి లేదు. "జీతం లేదు. ఎన్నాళ్ళో నాకూ తెలీదు. భోజనం ఉంటుంది, అదీ సంతలో గట్టిగా బేరమాడి తెచ్చుకుంటేనే" అన్నారాయన. బేరం అన్నప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే కోపం తెచ్చుకుని తప్పించుకునేదాన్ని.

పైనుంచి దేవుడి స్వరమేదీ వినపడలేదు. కానీ కొట్లోకి ఒకడు అడుగు పెట్టగానే ఊరికే చూసిపోవడానికి వచ్చాడా, కొనడానికే వచ్చాడా అన్నది మాకు తెలిసిపోతుంది. ఆ రోజు నా దగ్గరికి వచ్చినాయన కొనడానికే వచ్చాడు.

మధ్యాహ్నం ఖాళీ కొట్లోకి వెళ్ళి షట్టరు సగం దించి నేల మీద కూర్చున్నాను. చెయ్యి చాపి, నాన్న తువ్వాలు కప్పి, బేరం మొదలుపెట్టాను. "ప్రభువా, ఈ ఒక్క సీజన్ వదిలెయ్. సరే, సగం సీజన్. ఆయన షట్టరు దించడం కళ్ళారా చూసి మర్నాడే బస్సెక్కుతా. పోనీ, అక్కడేముందో ముందు చూపించు. సరుకు చూడకుండా ఎవరన్నా కొంటారా?" అవతలి నుంచి ఏ వేలూ నొక్కలేదు. అలాగని చెయ్యి వెనక్కి తీసుకోబోతే రాలేదు. తిమ్మిరెక్కిందనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని చూశాను, కుదరలేదు.

తాళం తిరిగిచ్చేస్తానని నల్లపాడు ముసలాయనకి చెప్పాను. ఆయన పెద్దగా బాధపడలేదు.

"మంచిదమ్మా. మీ బాబాయి నిన్న కూడా అడిగాడు. గోడౌనుకి కావాలంట."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంకెవరికన్నా ఇవ్వండి. ఆయనకి మాత్రం వద్దు."

"దేవుడు పిలిచాడు పోతున్నానంటివి. పోయేదానివి, ఎవరికిస్తే నీకేంటి?"

"నన్ను రమ్మని పిలిచాడండీ. బాబాయికి కొట్టు అప్పజెప్పి రమ్మనలేదు."

"అది మీరూ మీరూ తేల్చుకోండి. సీజన్లో నేను ఖాళీగా ఉంచను."

అంటే నేను మాట వింటే నాన్న కొట్టుతో పాటు నా కొట్టు కూడా ఆయనదే. దేవుడితో బేరంలో ఇంత నష్టం వస్తుందని ఏ అయ్యగారూ ముందుగా చెప్పరు. ఇంటికెళ్ళి అమ్మ దగ్గర ఏడ్చాను. అమ్మ శనగలు బాగుచేస్తూ తల ఎత్తలేదు.

"దేవుడి పనంటే పో. పగంటే ఉండు. రెండూ ఒకే గోతంలో కుక్కితే మూతి కుట్టలేవే తల్లీ."

కుట్టి చూపిస్తాననుకున్నాను. మర్నాడు తాళం తీసుకుని నేరుగా బాబాయి కొట్టుకే వెళ్ళాను. ఆయన అదే స్టూలు చూపించాడు.

"రా అమ్మా, కూర్చో. అమ్మాయికో టీ చెప్పండ్రా."

కూర్చోలేదు. టీ వచ్చింది. బల్ల మీద పెట్టించి దాని వైపు చూడలేదు.

"ఎక్కడికో పోతన్నావంటగా?" అన్నాడు.

"ఎక్కడికో నాకూ సరిగ్గా తెలీదు బాబాయ్."

"తెలీకుండా పోయేంత పిచ్చిదానివి కాదే నువ్వు. మా అన్న కూతురివి."

"అన్న ఉండేవాడని గుర్తుందన్నమాట."

ఆయన దగ్గి మాట మార్చాడు. "తాళం నాకిస్తావా, కొట్టు గలాయనకిస్తావా?"

"ధరను బట్టి."

అలవాటు ఊరుకోదు కదా. భుజం మీది తువ్వాలు తీసి చెయ్యి చాపాడు. ఇన్నేళ్ళలో యార్డులో ఏ మగవాడూ ఆడదాన్నని నాకు చెయ్యివ్వలేదు. మొదటిసారి ఇచ్చినవాడు మా బాబాయి, దానికి కూడా ఆయన్ని క్షమించను. చెయ్యి గట్టిగా పట్టుకుని ధర మాత్రం నోటితోనే చెప్పాను, పక్కన గోతాలు ఏరుతున్న రైతులకి వినపడేలా.

"నాకు డబ్బొద్దు. ఈ కొట్టు మా అన్నది, ఆయన మంచాన పడ్డప్పుడు నేను లాక్కున్నానని ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పు. తాళం నీదే."

ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఒక వేలు నొక్కుతుందేమోనని, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఊపిరి బిగబట్టి చూశాను. ఆయన చెయ్యి వదిలేశాడు.

బేరం చెడింది. తువ్వాలు ఆయన ఒళ్ళో పడింది.

"టీ తాగు. చల్లారిపోద్ది" అన్నాడు, నేల చూస్తూ.

"నాన్న తాగాడుగా బాబాయ్. మా ఇంటికి ఆ ఒక్కటి చాలు."

మీగడ కట్టిన ఆ గ్లాసు పక్కన తాళం పెట్టేసి వచ్చాను. యజమాని ఎలాగూ ఆయనకే ఇస్తాడు. నా చేత్తో పెడితే, షట్టరు ఎత్తినప్పుడల్లా ఆయనకి నేను గుర్తొస్తానని లెక్క. దేవుడి మాట విన్నాను గాని అందులో కాస్త విషం కలిపే విన్నాను. అలా వింటే చెల్లుతుందో లేదో నాకు తెలీదు. అడగలేదు కూడా.

బోర్డుని మాత్రం వదల్లేదు. గోనెలో చుట్టి బస్సు పైన వేయించాను. ఒంగోలు దాటి, ఇంకో బస్సు మారి, కంకర రోడ్డు మీద దిగేసరికి రేకుల షెడ్డు, సిమెంటు నేల, ఎండిన బోరు, ఈమెని ఎన్నాళ్ళకి తరిమేద్దామా అన్నట్టు చూస్తున్న పిల్లలు కనపడ్డారు. సరుకు చూశాక ఎవరూ కొనేది కాదు. అందుకే ముందు చూపించలేదు కాబోలు. బాబాయి కళ్ళలో పొడవాల్సిన ఎర్రటి అక్షరాలను వంటగది గోడకు తగిలించాను. చిన్నపిల్లలు వాటితోనే అక్షరాలు కూడబలుక్కున్నారు. మేకలు కూడా ఆగి చూసేవి. మా నాన్న పేరుకి దొరికిన బజారు అది.

నేల చల్లగా ఉందని, కింద పరచడానికి ఏమైనా ఉంటే పంపించమని అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన ఆదివారం చర్చిలో చెప్పారట. కొన్ని రోజులకు బస్సు వాళ్ళు ఒక పెద్ద మూట దించిపోయారు. కొత్త గోతాలు. పంపినవాళ్ళ పేరు లేదు. మూట మూలల్లో చెవులు కట్టి ఉన్నాయి. ఒక చుట్టు వెనక్కి వేసి బిగించిన ముడి.

పక్కన కూర్చుని చాలాసేపు ఆ ముడి చూశాను. సంఘం ముందు నోరు పెగలని మనిషి. నాన్న ముడిని ఇంకా మర్చిపోలేదు. అది కట్టేటప్పుడు నాన్న గుర్తొచ్చాడో లేదో నాకు తెలీదు. నేనడిగిన ధర అది కాదు.

ఓపిగ్గా విప్పితే ఆ పురికొస మళ్ళీ పనికొచ్చేది. కొట్టుమనిషి ఎప్పుడూ పురికొస కొయ్యదు. నేను వంటగదిలోంచి కత్తి తెచ్చి కోశాను. గోతాలు మాత్రం వెనక్కి పంపలేదు. పగ నాది, చలి పిల్లలది. రెండు పొరలుగా పరిస్తే వెచ్చగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం పిల్లలతో ప్రార్థన చేసేటప్పుడు బాబాయి పళ్ళ గురించి దేవుణ్ణి ఏమీ అడగలేదు. మూట మోసి అలిసిపోయి ఉంటాను. మర్నాడు మళ్ళీ అడిగాను. ఇప్పటికీ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. తువ్వాలు కింద ఏ వేలూ నొక్కదు. చెయ్యి మాత్రం వదలడు.