మగ్గం గుంటలో ఇంటి యజమాని

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నా పెళ్లయ్యాక వచ్చిన మొదటి వేసవి అది. కరీంనగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. మావారు నేతపని చేసేవారు. మగ్గం కింద కాళ్లు పెట్టుకోవడానికి గోడ పక్కనే గుంట తవ్వారు. అది చూసి ఇంటి యజమాని రాజన్న మండిపడ్డాడు.

"నా గోడ కూలుతది. రేపే ఖాళీ చేయుండ్రి!"

ఎక్కడికి పోతాం? నేను దీపం వెలిగించి దేవుడి ముందు కూర్చున్నాను. మావారు ఎదురింటి నూలు వ్యాపారి ఖాసిం సాబ్‌ను మధ్యవర్తిగా పిలుచుకొచ్చారు.

"గోడ ఎంత దగ్గరున్నదో సూడు సాబ్!" అంటూ వెనక్కి జరిగిన రాజన్న దభీమని ఆ గుంటలోనే పడ్డాడు. భారీ మనిషి, నడుము దాకా ఇరుక్కున్నాడు.

"దెబ్బ తాకిందా రాజన్నా?" అని అడిగారు ఖాసిం సాబ్.

"తాకలే. జర లేపుండ్రి!"

"గుంటను గోడకు దూరం జరుపుతరు. పోయేటప్పుడు పూడ్చి, అలికి పోతరు. సరేనా?"

"సరే సాబ్, నీకు దండం పెడత, లేపు!"

"గుంటల ఉండి ఒప్పుకుంటే చెల్లది. పైకొచ్చినంక చెప్పు."

ఇద్దరూ కలిసి లాగారు. రాజన్న ధోతి దులుపుకున్నాడు.

"లోపల సల్లగనే ఉన్నది. ఉండుండ్రి తియ్. కొత్త గుంట మాత్రం జర వెడల్పు తవ్వుండ్రి."

మా పిల్లలిద్దరూ ఆ ఇంట్లోనే పుట్టారు. ఖాసిం సాబ్‌ను తలచుకోని రోజు లేదు. నీడ నిలబెట్టమని దేవుణ్ణి వేడుకున్న మాట నిజమే గానీ, రాజన్నను గుంటలో పడేయమని నేను అడగలేదు. అది పూర్తిగా ఆ దేవుడి సొంత ఆలోచన.