పొలి చల్లిన నాటి చుట్టం

మొన్న కామారెడ్డిలోని మా ఇంట మనుమడు పెట్టిన సినిమాలో, నవ్వు ముఖంతో లోనికి వచ్చిన అపరిచితుడొకడు ఒక కుటుంబాన్ని వారి ఇంట్లోనే బంధించాడు. ఎనభై దాటిన మా అక్క లేచి టీవీ ఆపివేసింది. మనుమడు చిన్నబుచ్చుకున్నాడు. కారణం నాకు తెలుసు.

ఎల్లారెడ్డి దగ్గరి మా పల్లెలో ఊరి నడిబొడ్డున పాతిన బొడ్రాయి పండుగ నాడు ఇల్లిల్లూ పోలెలనే బొబ్బట్ల నేతివాసనతో, ఎర్రమట్టి అలుకుతో, మామిడాకుల పచ్చదనంతో నిండేది. మగవాళ్ళంతా డప్పులతో ఊరి హద్దు వెంట బలి నెత్తురు కలిపిన పొలి అన్నం చల్లి తిరిగి వచ్చేవరకు ఎవరూ గడప దాటరాదు. దాటితే అరిష్టం వెంట వస్తుందని నమ్మకం. మేము అవ్వ అని పిలిచే మా నాయనమ్మకు ఆ కట్టుబాటు ప్రాణం.

ఆ ఏడు మా తండ్రి, బాపు, హద్దుకు వెళ్ళిన మధ్యాహ్నం, అవ్వ ముందు తలుపు గడియ పెడుతుండగానే పెరటి వైపు నుండి ఒక మనిషి వచ్చి, "నీ కొడుకు దోస్తును అవ్వా, మద్నూర్ నుంచి వస్తున్న" అంటూ బాపు కుర్చీలో కూర్చున్నాడు. పండుగపూట వచ్చినవాడిని పొమ్మనరాదు. అవ్వ పోలెలు వడ్డించింది. తిన్నాక అతడు చూరులోని కొడవలి తీసి, దాని మొనతో గోళ్ళు గీక్కుంటూ, పెరటి తలుపు కూడా మూశాడు. పెద్దలను ప్రశ్నించరాదన్న శిక్షణలో పెరిగిన నేను గోడకు అంటుకుపోయాను. కేక వేసినా గడప దాటి వచ్చే మనిషి లేడు. అంతలో, పురిటికి వచ్చిన అక్క ఉన్న గదిలో ఆమె పసిబిడ్డ ఏడ్చింది.

"లోపల ఎవరున్నరవ్వా? చుట్టానికి చూపియ్యవా?"

"నా మనుమరాలు. అమ్మవారు పోసింది బిడ్డా. చూస్తనంటే చూడు, నీ ఒంటికి పోస్తే మాత్రం నన్ననకు."

పురిటి గది గడియ మీదికి పోయిన అతడి చేయి ఆగింది. లోపలికి పోవడానికి భయం. బయట హద్దు పొడవునా కర్రలతో ఊరు. ఆ మనిషి పెరటి తలుపు తీసుకొని గోడ మూలకు జరిగి నిలిచాడు. మమ్మల్ని బంధించిన గోడలే అతడినీ బంధించాయి. హద్దు ఖాళీ అయి డప్పులు ఊళ్ళోకి తిరిగిన క్షణాన గోడ దూకి పారిపోయాడు.

అమ్మవారి పేరిట అబద్ధమాడినందుకు అవ్వ చెంపలు వేసుకొని, గుమ్మానికి నిజంగానే వేపకొమ్మ కట్టి, చాలా కాలం అక్క ఒళ్ళూ పసిబిడ్డ ఒళ్ళూ తడిమి చూసుకునేది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

ఆ ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. పొలి నాడు సైతం గాంధారికి పోయే ఆటోలు ఊరి నడుమ నుండే పోతున్నాయి. అవ్వ లేదు, ఆ కట్టుబాటూ లేదు.

మనుమడు లేచి వెళ్ళాక అక్క అడిగింది. "వాని మొకం నీకు యాదికున్నదా తమ్మీ?"

"లేదక్కా."

"నువ్వన్న చూసినవ్. నేను గొంతే విన్న. తియ్యగ మాట్లాడెటోళ్ళందరిది నాకు ఇప్పటికి గదే గొంతు."