ఫోన్లను తిట్టే మామయ్య

మా చిన్న మామయ్య ఫోన్లను తిడతాడు. బాగుచేసే ముందు తిడతాడు, బాగుచేస్తూ తిడతాడు, బాగయ్యాక ఇంకొక్కసారి గట్టిగా మందలించి పంపిస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఒక మేడ మెట్ల కింద గదిలో రిపేరు కొట్టు నడుపుతున్నాడు. మొదట్లో రేడియోలను తిట్టేవాడు, తరువాత టేప్ రికార్డర్లను, ఆ తరువాత టీవీ రిమోట్లను. ఇప్పుడు ఫోన్ల వంతు వచ్చింది.

తిట్టడానికి ఆయనకో పద్ధతి ఉంది. ముందు కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుంటాడు. తరువాత ఫోన్‌ని స్క్రూల డబ్బాకి ఆనించి నిలబెడతాడు. తప్పు చేసినది పడుకుని తిట్లు తినడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. తిట్టడం పూర్తయ్యేదాకా స్క్రూడ్రైవరు ముట్టుకోడు. ఎంత తొందరలో ఉన్నవాళ్ళయినా గోడ పక్క బెంచీ మీద కూర్చుని అంతా వినవలసిందే.

ఒకసారి ఒక లారీ డ్రైవరు తడిసిన ఫోన్ తెచ్చాడు. టీ గ్లాసులో పడిందట. అదే పడిందో, తానే పడేశాడో చెప్పలేక నసుగుతున్నాడు. మామయ్య అతని వైపు చూడనైనా లేదు.

"ఏరా, టీ తాగాలనిపిస్తే అడగాలి గానీ గ్లాసులోకి దూకుతావా? ఆయన పొద్దుటినుంచి బండి నడిపి, ఒక్క గుక్క తాగుదామనుకుంటే అదీ నువ్వే తాగేశావు."

డ్రైవరు నవ్వేశాడు. నవ్వాక, ఆవలిస్తూ చెయ్యి జారవిడిచానని తానే చెప్పాడు.

ఇంకోసారి రిటైరైన పంతులమ్మగారు ఒకావిడ వచ్చింది. ఫోన్ తాళం అంకెలు తానే మార్చి, తానే మరిచిపోయింది. ఆ మాట చెప్పడానికి ఆవిడకి ప్రాణం పోతోంది. మామయ్య ఫోన్‌ని నిలబెట్టి, యజమానురాలి ముఖం కూడా గుర్తుపట్టలేని నీకు జ్ఞాపకశక్తి ఏముందని పావుగంట కడిగేశాడు. అన్నతో గొడవపడి ఫోన్‌ని గోడకేసి కొట్టిన మనిషి ఒకాయన వస్తే, పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో నువ్వెందుకు వెళ్ళావని ఆ ఫోన్‌నే నిలదీశాడు.

ఇంట్లో మాత్రం ఆయన గొంతు ఎవరూ విని ఎరుగరు. ఆయన మాట వినాలంటే మా మిక్సీ పాడవ్వాలి అంటుంది అత్తయ్య.

నేను కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతాను. వీధిలో నన్ను కంప్యూటర్ మాస్టారు అంటారు. ప్రాణం లేని వస్తువుని తిట్టే మనిషిని చూస్తే నాలాంటి చదువుకున్నవాడికి నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? బంధువులు నలుగురు చేరిన చోటల్లా గరిటెని నీళ్ళ జగ్గుకి ఆనించి, కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, మామయ్యలాగా తిట్టి చూపించేవాణ్ణి. అందరికన్నా ఎక్కువ మా ఆవిడ నవ్వేది. మామయ్య కూడా అక్కడే ఉండి నవ్వేవాడు. ఇప్పుడది తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. ఆ నెలలో ఒక బడివాళ్ళు పిల్లల నాటకానికి నలభై జతలు కుట్టమన్నారు. కుందేళ్ళు, చెట్లు, ఒక రాజు, ఆయనకి పన్నెండు మంది భటులు. బడికి సెలవులిచ్చేశారు. పిల్లలు మళ్ళీ కనిపించేది నాటకం రోజునే, అంటే శనివారం. అందుకని ముందే ఒక్కొక్కరికీ కొలతలు తీసి, ఫోటో తీసి, అన్నీ ఫోన్‌లో పెట్టుకుంది.

నిజానికి ఆమెకి ఒక పాత కొలతల పుస్తకం ఉండేది. ఈ రోజుల్లో పుస్తకాలేమిటని దాన్ని అటక ఎక్కించినది నేనే. ఫోన్‌లో ఉన్నవాటికి ఇంకో చోట నకలు పెడతానన్నదీ నేనే. రేపు, రేపు అంటూ రెండు నెలలు గడిపిందీ నేనే.

ఇవి చాలవన్నట్టు ఆమె ఫోన్‌కి కొత్త కవరు తెచ్చాను. మేడ మీదనుంచి పడేసినా ఏమీ కాదని దాని మీద రాసి ఉంది. అమ్మిన అతను ఇది వేరే ఫోన్‌దండీ, మీ దానికి పట్టదు అన్నాడు. నాకు తెలుసులే అన్నాను. ఇంటికొచ్చి, మోకాలి మీద పెట్టి నొక్కి నొక్కి తొడిగాను. కటుక్కుమంది. చూశావా, ఎంత బిగువుగా పట్టిందో అని మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగింది. చార్జింగ్ పెట్టి మళ్ళీ ఆన్ చేస్తే నల్లటి తెర, దాని మీద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చి అక్కడే నిలిచిపోయింది. దాన్ని బూట్‌లోడర్ అంటారు. ఫోన్ నిద్ర లేచి అసలు పనిలోకి వచ్చే ముందు దాటే గుమ్మం అది. మామూలుగా మనకి కనిపించకుండానే దాటేస్తుంది. ఏదైనా తేడా వస్తే ఆ గుమ్మంలోనే కూర్చుని, రిపేరువాడి ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది. ఇదంతా నేను క్లాసులో చెప్పే పాఠమే.

పాఠం తెలుసు గానీ వైద్యం తెలియదు. మళ్ళీ మొదలుపెట్టు అనే మాట ఎంచుకుని నొక్కాను. చీకటై, వణికి, మళ్ళీ అదే గుమ్మం. పదకొండుసార్లు నొక్కాను. ఆరోసారి నొక్కుతుండగా మా ఆవిడ కత్తెర పట్టుకుని వచ్చి, ఏమైందండీ అని అడిగింది.

నాకు తెలియదు అంటే సరిపోయేది. రెండే మాటలు. కంప్యూటర్ మాస్టారి నోటికి అవి రాలేదు.

"ఇస్త్రీ పెట్టె పక్కన పెడుతుంటావు కదా. ఆ వేడికి లోపల ఏదో కరిగి ఉంటుంది."

అలాంటిదేమీ కరగదని నాకు తెలుసు. ఆమె మాత్రం ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళి, అట్టముక్క మీద 'ఇక్కడ ఫోన్ పెట్టకూడదు' అని పెద్ద అక్షరాలతో రాసి, ఇస్త్రీ బల్ల పైన గోడకి అతికించింది. నేను ఆ బల్ల వైపు వీపు పెట్టి కూర్చుని వీడియోలు చూశాను.

వీడియోల్లో పెద్దమనుషులందరూ ఒకటే చెప్పారు. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా మొదలుపెట్టమన్నారు. నేను ఆ మాట దాకా వెళ్ళి, మీట మీద వేలు పెట్టాను.

"అది నొక్కితే పిల్లల కొలతలుంటాయా?" వెనకనుంచి మా ఆవిడ అడిగింది.

"ఉండకపోవచ్చు."

ఆమె నా వేలు పక్కకి తీసి, ఫోన్ అందుకుని, చెప్పులు వేసుకుంది. బాబాయి గారి దగ్గరికి వెళ్దాం పదండి అంది. మా మామయ్య ఆమెకి వరసకి బాబాయి. ఎవరిని వెక్కిరించి ఇన్నాళ్ళూ నవ్వించానో ఆయన దగ్గరికే ఆమె వెనకాల నడిచాను.

కొట్లో ముగ్గురున్నారు. మా వంతు రాగానే మా ఆవిడే ముందు మాట్లాడింది.

"తప్పు నాదే బాబాయి గారూ. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాను. పిల్లల కొలతలన్నీ ఇందులోనే ఉన్నాయి. చెరిపెయ్యకుండా బతికించండి."

నేను తలెత్తి ఫ్యాను వైపు చూశాను. అక్కడ ఫ్యాను లేదు.

మామయ్య ఫోన్‌ని డబ్బాకి ఆనించాడు. అది నిలబడకుండా జారిపోయింది. కవరు ఒక పక్క ఉబ్బి ఉంది. రెండోసారి నిలబెడితే మళ్ళీ జారింది. అప్పుడు కవరు పట్టుకుని లాగాడు. రాలేదు. బల్లకి పాదం తన్నిపెట్టి లాగాడు. టప్పుమని ఊడింది. బొటనవేలితో ఫోన్ అంచు తడిమి చూశాడు. శబ్దం తగ్గించే మీట లోపలికి దిగబడి ఉంది. ఆ మీట నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే ఫోన్ గుమ్మంలోనే ఆగుతుంది. అది కూడా నేను చెప్పే పాఠంలోనే ఉంది.

మామయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. ఒక్కసారే. తరువాత కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకున్నాడు.

"ఏరా, ఈ పిల్ల నలభై మంది పిల్లల్ని నిన్ను నమ్మి అప్పజెప్పింది. నువ్వు గుమ్మంలో బైఠాయించి లోపలికి రానంటావా? పైగా ఇస్త్రీ పెట్టె మీద నేరం తోస్తావా? అదేం చేసింది పాపం, దాని పని అది చేసుకుంటోంది. నా వల్ల పొరపాటు జరిగిందని చెప్పడానికి నీకు నోరు లేదా?"

ఫోన్‌కి నోరు లేని మాట నిజమే. నాకుంది. బెంచీ మీద ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు, మా ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆ కొట్లో తిట్లు తగిలింది ఎవరికో తెలిసినవాళ్ళం ఇద్దరమే. మెట్ల కింద ఇంకో మెట్టు ఉంటే దిగిపోయేవాణ్ణి.

తిడుతూనే చిన్న బ్రష్షుతో మీట చుట్టూ గీకాడు. టిక్కుమని అది పైకి తేలింది. ఆన్ చేశాడు. ఫోన్ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ముందుపళ్ళు లేని ఒక కుందేలు ఫోటో తెర మీద కనిపించింది. మా ఆవిడ నలభై ఫోటోలూ లెక్కపెట్టుకునేదాకా కదల్లేదు.

"ఇస్త్రీ పెట్టెకీ దీనికీ ఏ సంబంధమూ లేదు తల్లీ. దీనికే బద్ధకం," అన్నాడు మామయ్య. కవరేదని ఆమె అడిగితే, అందులో దీనికి ఉక్కపోస్తోంది, కొన్నాళ్ళు ఇలా తిరగనీ అన్నాడు. అప్పటికే అది బల్ల సొరుగులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఒక్కణ్ణీ వెళ్ళాను. కవరు ఇచ్చెయ్యి మామయ్యా, నా చేతులతో పారేస్తాను అన్నాను. ఆయన సొరుగు లాగి, నువ్వే వెతుక్కో అన్నాడు. లోపల విరిగిన తలపిన్నులు, అగ్గిపుల్లలు, జిగురు పూసిన సిమ్ములు, ఫోన్ రంధ్రాల్లో జనం పొడిచిన నానా సామానూ ఉంది. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి నేరం. ఏదీ ఎవరి ముందూ బయటపెట్టలేదు. అన్నిటికన్నా అడుగున బొమ్మ కారు చక్రం ఒకటి కనిపించింది. నాకు అయిదేళ్ళప్పుడు నాన్న రేడియోలో నేను దూర్చిన చక్రం అది. నాన్న బెల్టు పట్టుకుని నిలబడితే, మామయ్య ఆ రేడియోని అరగంట తిట్టాడు. చివరికి నాన్నే నవ్వి బెల్టు వదిలేశాడు.

ఆ చక్రం చేతిలోకి తీసుకున్నాను. ఆయనే అన్నాడు.

"మనిషిని తిడితే దాచేస్తాడురా అల్లుడూ. దాచింది నేను బాగుచెయ్యలేను."

కవరు ఆ సొరుగులోనే వదిలేసి ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ నడవలో, వెలుతురు చాలని చోట నిలబడి ఫోన్‌లో కొలతలు చూసుకుంటోంది. అక్కడెందుకన్నాను. ఇస్త్రీ బల్లకి దూరంగా ఉంటే మంచిదని అంది. మామయ్య కాదన్నా ఆమె మనసులో నా మాటే ఉండిపోయింది. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. కూర్చోబెట్టి అంతా చెప్పాను. వేరే ఫోన్ కవరు, మోకాలు, కటుక్కు, అసలు కారణం తెలియకుండానే ఇస్త్రీ పెట్టె మీద పెట్టిన నింద.

"అంటే నిన్నటినుంచి నేను ఊరికే ఈ చీకట్లో నిలబడ్డానా?"

"ఊరికేనే."

ఆమె లేచి వెళ్ళి గోడ మీది అట్టముక్క పీకింది. తెచ్చి నా చొక్కా జేబు మీద అతికించి, అరచేత్తో గట్టిగా అదిమింది. నాటకం అయ్యేదాకా ఏ చొక్కా వేసుకున్నా ఇది ఉండాలి అంది. తరువాత అటక మీదనుంచి పాత పుస్తకం దింపించి, నలభై మంది కొలతలూ నా చేత రాయించింది. కుందేలు, ఛాతీ ఇరవై రెండు, చెవులు వేరేగా.

మూడు రోజులు 'ఇక్కడ ఫోన్ పెట్టకూడదు' అనే చొక్కాతో పాఠాలు చెప్పాను. ఇదేదో కొత్త రూలనుకుని నా విద్యార్థులు ఫోన్లు సంచుల్లో పెట్టేసుకున్నారు.

శనివారం మూటలతో బడికి వెళ్ళాం. నలభై జతలూ సరిపోయాయి, రాజుగారి ప్యాంటు కూడా. తెర వెనక మామయ్య ఉన్నాడు. బడివాళ్ళు మైకు పాడైందని పిలిపించారట. మైకుని నిలబెట్టి, పిల్లలు నోరు తెరిస్తే నువ్వు నోరు మూసుకుంటావా అని తిడుతున్నాడు. చుట్టూ కుందేళ్ళు చేరి వింటున్నాయి. మైకు పలికాక మామయ్య వెనక్కి తిరిగి నా జేబు చూశాడు. అట్ట చదివాడు. ఇస్త్రీ పెట్టె సంగతి నేనే ఒప్పుకున్నానని, అందుకు మూడు రోజులుగా ఇదే శిక్ష అని మా ఆవిడ చెప్పింది. కళ్ళద్దాలు నుదుటి మీదకి వెళ్ళాయి. నా భుజాలు పట్టుకుని గోడకి ఆనించి నిలబెట్టాడు.

ఇన్నాళ్ళకి నా వంతు వచ్చిందనుకున్నాను. రావాలి కూడా. తల దించుకున్నాను.

"ఏరా అట్టముక్కా," అన్నాడు మామయ్య, "అతికించిందే సందని మా అల్లుణ్ణి మూడు రోజులు ఊరంతా తిప్పుతావా? చెప్పాల్సింది వాడే చెప్పుకున్నాడు కదా, ఇంకా నీకేం పని ఇక్కడ?"

మా ఆవిడ వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ సరేనని తల ఊపింది. మామయ్య అట్టముక్కని మెల్లగా, చొక్కా చిరక్కుండా ఊడదీసి, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. సొరుగులో కవరు పక్కన కాస్త చోటుంది అన్నాడు.