తెలుగులో అడిగింది నేనే

రోజ్ బెల్ వెళ్ళే రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలామె నన్ను చాలాసేపు చూసి, "దొర పక్కన కూకున్న బాబువి నువ్వే కదూ?" అంది.

నేనే. మనసుల మీద పరిశోధన చేయడానికి వచ్చిన ఒక డాక్టరుకు అప్పట్లో దుబాసీని. సముద్రం దాటి ఆ ద్వీపంలో చెరకు తోటల్లో పనికొచ్చిన తెలుగు కూలీల కలలు అడిగి ఆయనకు ఫ్రెంచిలో చెప్పేవాణ్ణి. ఆమె ముఖం నాకు గుర్తు రాలేదు.

"సచ్చిపోయిన నా కూతురు కలలోకొచ్చి అన్నం అడుగుతాదని సెప్పినాను."

అది గుర్తొచ్చింది. ఆ కలను డాక్టరు ఒకరోజు తోట మేనేజరు ఇంటి విందులో చదివి వినిపించాడు. ఫ్రెంచి తెలిసిన మనవాళ్ళే వడ్డిస్తున్నారు, వాళ్ళూ విన్నారు.

"తోటంతా తెలిసిపోనాది. పిల్లని ఆకలికి సంపీసినానంటన్నారు. అందుకే ఎలిపోతన్నాను."

"చదివింది ఆయనమ్మా," అన్నాను.

"ఆయనకి తెలుగు రాదు కదా బాబూ. నన్నడిగింది నువ్వే. మనోడివని సెప్పినాను."

ఆ మాట కోపంగా అనలేదు. రోజ్ బెల్‌లో దిగేటప్పుడు మూట అందివ్వబోయాను. వద్దని చెయ్యి ఊపి, తనే ఎత్తుకుని దిగిపోయింది.

ఆ వారమే పని మానేశాను. ఆ సంగతి చెబుదామని తర్వాత ఎన్నోసార్లు రోజ్ బెల్ సంతలో ఆమె కోసం తిరిగాను. కనిపించలేదు. ఎవరినైనా వాకబు చేద్దామంటే, ఆమె పేరు నేనెప్పుడూ అడగనే లేదు.