పేరు చెప్పని బటన్లు

వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే రాఘవేందర్‌కు రెండు కొలువులు. మొదటిదానికి జీతం అంతంత మాత్రం. రెండోదానికి అసలే లేదు. మనిషిని నమిలి మింగింది మాత్రం రెండోదే.

ఆ రెండో కొలువేమిటో చుట్టాలకు చెప్పడం ఆయన భార్య పద్మజకు ఇప్పటికీ చేతకాలేదు. నిజానికి అంత చిక్కు విషయమేమీ కాదు. కంప్యూటర్ తెరవగానే కనబడే మెనూలు, కిటికీలు, బొమ్మలు అన్నీ కలిపితే డెస్క్‌టాప్. ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగేది, ఎవరైనా చెయ్యి వేసి బాగుచేయగలిగేది అలాంటిది ఒకటుంది. దేశదేశాల వాళ్లు తీరిక చేసుకుని దాన్ని కడుతున్నారు. దానికోసం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి పంపేవాళ్లు వందలమంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు. ఇక్కడ ఊరంతా ఉలిపికట్టెలే! ఒకడి ప్రోగ్రాము మూస్తే, అడగనైనా అడగకుండా రాసిందంతా పోతుంది. ఇంకొకడిది మౌస్ లేకపోతే కదలనంటుంది. అన్నిటికీ ఒక పద్ధతి ఉండాలని తొమ్మిదేళ్ల కింద పంతొమ్మిది నియమాలు రాసినవాడు రాఘవేందర్. రాయడం ఒక్క వేసవిలో అయిపోయింది. జనంచేత పాటింపజేయడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

రోజూ పొద్దున ఐదింటికి లేచి, వచ్చిన ప్రోగ్రాములు చూసి, తప్పులు రాసి తిప్పి పంపుతాడు. వాళ్లు తిరిగి తిడతారు. నడుము పట్టేసింది, కళ్లద్దాలు రెండుసార్లు మారాయి.

"జీతం లేని కొలువుకు తిట్లు గూడ ఫ్రీనా? ఇడ్సిపెట్టరాదుండ్రి" అంటుంది పద్మజ చాయ్ గ్లాసు పక్కన పెడుతూ.

"ఈ ఒక్క విడుదల కానీ. ఇడ్సిపెడ్త" అంటాడు. కొత్తగా దిద్దినవన్నీ కలిపి డెస్క్‌టాప్‌ను జనంలోకి వదలడమే విడుదల. ఏడాదికి రెండు. ఆ మాట ఎన్నోసారో ఆమె లెక్కపెట్టడం మానేసింది.

పంతొమ్మిదిలో ఐదో నియమమంటే ఆయనకు పట్టుదల ఎక్కువ. ప్రతి బటనూ తన పేరు పైకి చెప్పుకోవాలి. చూపు లేనివాళ్లకు తెర మీదున్నది కంప్యూటరే చదివి వినిపిస్తుంది కదా. బటన్‌కు లోపల పేరు రాసిపెట్టకపోతే అది వట్టి "బటన్" అని ఊరుకుంటుంది. ఏ బటనో వినేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? ఆ నియమం పుట్టిందే ఎస్తేరు వల్ల. పుట్టుకతోనే చూపు లేని ఆ అమ్మాయి ఆయన ల్యాబ్‌లోనే నేర్చుకుంది. ఇప్పుడు బల్మూర్‌లో ఇంటి అరుగుమీద కూర్చుని పింఛన్లకు, హాస్టల్ సీట్లకు జనానికి అర్జీలు రాసిపెడుతుంది. రాసేది 'అర్జీ' అనే ప్రోగ్రాములో. డెస్క్‌టాప్‌తో పాటే వచ్చే అది రాఘవేందర్ రాసిందే, నియమాలకంటే ముందటిది.

గద్వాలలో ప్రేమలత అని ఒక బడిపంతులమ్మ ఉంది. పిల్లలు ఎక్కాలు నేర్చుకునే ప్రోగ్రాము పంపితే, ఐదో నియమం కిందే నాలుగుసార్లు తిప్పి పంపాడు. ఐదోసారి ఆమె అందరూ చదివేచోట రాసింది: "సార్, నాలుగుసార్లు దిద్దిన. తప్పు నాదే, ఒప్పుకుంట. మరి మీ అర్జీల బటన్లకు పేర్లెందుకు లెవ్వు? ఐదో నియమం మీకు లేదా?"

చెంప ఛెళ్లుమన్నట్టయింది. పేర్లు లేవని ఆయనకు తెలియదా? తెలుసు. నియమాలు రాసిన ఏడాదే, పాతది, తర్వాత చూద్దాం అని పక్కన రాసిపెట్టుకున్నాడు. ఆ తర్వాత రానేలేదు. ఇప్పుడు దిద్దాలంటే మొదటినుంచీ తిరగరాయాలి, రెండు నెలల పొద్దులు. విడుదల పన్నెండు రోజుల్లో. దిద్దకపోతే నియమం ప్రకారం అర్జీని తీసేయాలి. తీసేస్తే ఎస్తేరు ఏం కావాలి? అబ్బ, ఒక్కదానికి మినహాయింపు ఇస్తే కొంపలు మునుగుతాయా! డెస్క్‌టాప్ పనిలో తోటివాళ్లు ఇద్దరు సరేనన్నారు కూడా. చూపులేని మనిషే వాడుకుంటోంది, ఇబ్బందేమీ లేదు అని ఎస్తేరు నోటిమాట ఒకటి జతచేస్తే ప్రేమలతా నోరు మూసుకుంటుంది.

ఆ మాటకోసమే రెండో శనివారం నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి బల్మూర్ వెళ్లాడు. ఎస్తేరు తల్లి శాంతమ్మ అరుగు ఊడుస్తోంది. "దా సారూ, కూసో" అని కుర్చీ తెచ్చి వేసింది. ఎస్తేరు సంబరంగా అర్జీ తెరిచి చూపింది. మీట నొక్కుతుంటే కంప్యూటర్ పలుకుతోంది. బటన్. బటన్. బటన్. బటన్.

"ఏది ఏందో ఎట్ల తెలుస్తది ఎస్తేరూ?"

"లెక్కవెట్టుకుంట సార్. మూడోది దాసేది, నాలుగోది తుడ్సేది."

"తప్పితే?"

"ఇప్పుడు తప్పుత లేను. ఒక్కసారే పోయింది."

ఎస్తేరు అంతటితో ఆపేసింది. చీపురు పట్టుకున్న శాంతమ్మే అందుకుంది. "వాళ్ల అయ్య ముచ్చట్లు పోయినయ్ సారూ."

ఎస్తేరు తండ్రి బాలరాజు ముప్పై ఏళ్లు మట్టిపనికి దేశాలు తిరిగినవాడు. మంచాన పడ్డాక, ఎక్కడెక్కడ కాలువలు తవ్వాడో, ఏ కట్ట కింద ఎవరు పోయారో, రెండు నెలలు బిడ్డకు చెబుతూ పోయాడు. ఆమె అంతా అర్జీలోనే రాసింది. ఆయన పోయాక జ్ఞాపకార్థ కూడికలో చదివించాలని ఆఖరి నాలుగు మాటలు రాసి, దాచబోయి నాలుగో బటన్ నొక్కింది.

"ఎప్పుడు?"

"ఐదేండ్లాయె సార్."

"నాకెందుకు చెప్పలే?"

"మీరు రాసినదాంట్ల తప్పుంటదా సార్? ఏడ్సుకుంట ఒత్తిన. నా వేలే జారింది."

రాఘవేందర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీ వేలు కాదు. అది పేరు చెప్పాలె. తుడ్సేముందు అడగాలె. నేను వెట్టలే. తొమ్మిదేండ్ల సంది నాకు ఎరుకనే. తర్వాత చూద్దామనుకున్న."

చీపురు చప్పుడు ఆగిపోయింది. ఆయన ఫోన్ తీసి ప్రేమలతకు అందరూ చదివేచోటే జవాబు రాశాడు: "ఐదో నియమం నాకూ ఉంది. అర్జీని ఈ విడుదలలోంచి తీసేస్తున్నాను." రాసింది పైకి చదివి వినిపించి, పేర్లు చెప్పే అర్జీ తానే తెచ్చి పెడతానని, అప్పటిదాకా ఆమె కంప్యూటర్‌లో ఈ పాతదే ఉంటుందని ఎస్తేరుకు చెప్పాడు.

ఎస్తేరు ఇవేవీ విన్నట్టు లేదు. "అయితే నా వేలు కాదా సార్?" అంది.

"కాదమ్మా."

"అయ్య యాదికొచ్చినప్పుడల్లా దీన్నే తిట్టుకున్న సార్, గిన్నేండ్లు" అంటూ ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది.