కాఫీ గ్లాసు మీద అట్టబిళ్ళ

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ అన్నయ్య పిల్లల మీద నాకు ఫిర్యాదులు చెబుతూ, ఎవరో తలుపు కొడితే లేచింది. లేస్తూ కాఫీ గ్లాసు మీద ఒక గుండ్రటి అట్టబిళ్ళ మూత పెట్టింది. తెనాలిలో అన్నయ్య ఇంట్లో స్టీలు మూతలకు కరువేం లేదు. ఆ బిళ్ళ ఐర్లండ్‌లో, మేముండే ములింగార్ ఊరవతల ఒక పబ్బులోది, బీరు గ్లాసుల కింద వేసేది. ఉల్లిపాయ వాసనకే ముక్కు మూసుకునే మా అమ్మ దాన్ని హ్యాండ్‌బ్యాగులో అంతదూరం మోసుకెళ్ళిందంటే నవ్వొస్తుంది గానీ, ఆ సాయంత్రం నేను పడ్డ బెంగ ఇప్పటికీ మరిచిపోలేను.

అమ్మ మా దగ్గరికి వచ్చిన వేసవి అది. మా అమ్మాయి బడిలో టిన్ విజిల్ నేర్చుకుంటోంది. రేకు పిల్లనగ్రోవి అనుకోండి. సెలవులకు ముందు పిల్లలందరి చేతా ఆ పబ్బులో వాయింపిస్తానంది వాళ్ళ టీచరు. ఇక్కడి పల్లెల్లో పబ్బంటే సగం తాగే చోటు, సగం ఊరందరి వసారా. బామ్మలూ, చంటిపిల్లలూ వస్తారు, ఒకటి రెండు కుక్కలు కూడా. ఈ మాట అమ్మకు ఎలా చెప్పడం? నాన్న పోయి చాలా ఏళ్ళయింది గానీ, ఆయన సాయంత్రాలన్నీ మా వీధి చివర బ్రాందీ షాపులోనే గడిచాయి. చీకటి పడితే అమ్మ వీధి గుమ్మంలో నిలబడి ఆ మలుపు వైపే చూసేది. అక్కడిదాకా ఏనాడూ వెళ్ళలేదు. ఆడవాళ్ళు వెళ్ళే చోటు కాదది. చివరికి ఉన్నమాటే చెప్పాను. మీరెళ్ళి రండి, నేను కార్లో కూర్చుంటాను అంది. అమ్మమ్మ ఎదురుగా కూర్చుంటేనే వాయిస్తానని మా అమ్మాయి. ఆ ఇద్దరి మధ్యా నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

అన్నట్టే అమ్మ కార్లో ఉండిపోయింది. సన్నగా వాన. అద్దంలోంచి పెదవులు కదలడం కనిపిస్తోంది, జపమో, నన్ను తిట్టడమో తెలియదు. లోపల మా అమ్మాయి విజిల్ గుండెకు హత్తుకుని, బిక్కమొహం వేసుకుని నిలబడింది. వంతు దగ్గర పడుతోంది. నేను తలుపుకీ కారుకీ మధ్య తిరుగుతుంటే పబ్బు యజమానురాలు చూసింది. సంగతేమిటని అడిగి, గొడుగైనా లేకుండా బయటికి నడిచి, కారు తలుపు తెరిచి, లోపలికొచ్చి టీ తాగమంది. అమ్మ వద్దంది. ఆవిడ మళ్ళీ అడిగింది. అమ్మ మళ్ళీ వద్దంది. మన అత్తమ్మలు గారెలు వడ్డించేటప్పటి బలవంతమే అది, భాషే వేరు. అమ్మ ఏదైనా కాదనగలదు గానీ, సాటి మనిషిని వానలో నిలబెట్టలేదు. పాపం తడిసిపోతోందంటూ దిగింది.

దిగిందన్న మాటే గానీ నా భయం రెట్టింపయింది. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. చూపంతా మగవాళ్ళ చేతుల మీదే. మా ఆయన ఆరెంజ్ జ్యూసు గ్లాసుని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు, కోర్టులో సాక్ష్యంలాగా. పక్క బల్ల దగ్గర ఒక కుర్ర తండ్రి, ఒళ్ళో చంటిపిల్ల, చేతిలో నల్ల బీరు. అతను గ్లాసు ఎత్తినప్పుడల్లా అమ్మ వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకునేవి. ఇంతలో అతను గ్లాసు మీద అట్టబిళ్ళ కప్పి, పిల్లనెత్తుకుని బయటికి వెళ్ళాడు. టీ పోస్తున్న యజమానురాలు అమ్మ చూపు కనిపెట్టి, అలా కప్పితే గ్లాసు తీసేయొద్దు, మళ్ళీ వస్తానని గుర్తు అని చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

"అయితే మళ్ళీ దానికోసమే వస్తాడన్నమాట" అని అమ్మ లేవబోయింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయిని పిలిచారు. అది బల్లల మీదుగా మా వైపు చూసి, "అమ్మమ్మా, యూ స్టే దేర్, ఓకే?" అంది. అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా కూర్చుంది. పిల్ల మధ్యలో తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది, ఎలాగో ఒడ్డున పడింది. అప్పటికే తిరిగొచ్చి కూర్చున్న ఆ కుర్ర తండ్రే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

వేసవిలో రాత్రి పది దాటితే పబ్బులో పిల్లలు ఉండకూడదని ఇక్కడి చట్టం. పదవుతున్నా బయట ఇంకా వెలుతురే. యజమానురాలు పిల్లల్ని ఇళ్ళకు తీసుకెళ్ళమని అందరికీ వినిపించేలా చెప్పింది. కుర్ర తండ్రి గ్లాసులో ఇంకా సగం ఉంది. అమ్మ అతన్నే చూస్తోంది, నేను అమ్మను చూస్తున్నాను. అతను నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని లేచాడు. అట్టబిళ్ళ గ్లాసు పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. తలుపు మూసుకునేదాకా చూసి, అమ్మ మెల్లిగా ఆ బిళ్ళ తీసి బ్యాగులో వేసుకుంది.

కార్లో, కోపమొచ్చిందేమోనని అద్దంలో అమ్మ మొహమే చూస్తూ కూర్చున్నాను. ఇల్లు దగ్గర పడుతుండగా అంది: "మన ఊళ్ళోనూ అలాంటి చోటికి పెళ్ళాం పిల్లల్ని రానిచ్చుంటే, మీ నాన్న కూడా నిన్ను భుజానేసుకుని పెందలాడే ఇంటికొచ్చేవాడేమోనే."

మొన్న కాల్‌లో అమ్మ తిరిగొచ్చి, బిళ్ళ తీసి, చల్లారిన కాఫీ తాగుతూ ఫిర్యాదు ఆపిన చోటే అందుకుంది. నేను వింటున్నట్టు తల ఊపుతూ, మళ్ళీ వస్తానని చెప్పే ఆ బిళ్ళనే చూస్తూ ఉండిపోయాను. మనం ఎవరికోసం ఎదురుచూశామో వాళ్ళు పోయినా ఎదురుచూపు పోదు కాబోలు. కాలం చేయగలిగిందల్లా నిలబడే గుమ్మాన్ని మార్చడమే.