సరోజ పిన్ని ట్యాంకులో పగడాలు

నిన్న కాలేజీలో ప్రాక్టికల్స్ జరుగుతుండగా స్టాఫ్ రూమ్‌కి ఫోన్ వచ్చింది.

సరోజ పిన్ని ఇక లేదు.

మొన్న సాయంత్రమే మాట్లాడాను. ట్యాంకులో ఉప్పు సరిగ్గానే ఉందని చెప్పి, "నా బీపీయే సరిగ్గా లేదు" అని నవ్వింది. నేను ట్యాంకు గురించే మరో రెండు ప్రశ్నలు అడిగి ఫోన్ పెట్టేశాను.

శంకర్ నగర్‌లో ఆవిడ మా అమ్మవాళ్ల పక్కింటి మనిషి. పిన్ని అన్నది మా అమ్మ కలిపిన వరస.

ఈ గ్రూపులో చాలామందికి ఆవిడ వంట తెలుసు. నేను ఆవిడ చూపు గురించి రాయాలి.

అప్పారావు బాబాయ్ రైల్వే గార్డు. విశాఖ డ్యూటీ పడినప్పుడల్లా క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చి, హాల్లో పగడాలు పెంచే గాజు తొట్టి, రీఫ్ ట్యాంకు, పెట్టారు. పిన్నికి అదంటే చిరాకు. "ఇంట్లో ఈ ఉప్పునీళ్ల గోలేటి?" అనేది.

రెండేళ్ల కిందట ఆయన పోయారు. ట్యాంకు తీసేస్తుందనుకున్నాం.

తీయలేదు. ఆయన తోటి గార్డులు వంతులవారీగా నీళ్లు తెచ్చిపెట్టారు.

ఆ వేసవి కరెంటు కోతలకు పంపులు ఆగి, అందులోని ప్రాణులు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఒక్క రాయి మిగిలింది. దాని మీద బటన్ పాలిప్స్. చొక్కా గుండీలంత ఉండి, పువ్వుల్లా విచ్చుకునే పగడాల చుట్టాలు. బాబాయ్ తెచ్చినవాటిలో బతికున్నవి అవే.

కిందటేడు అవి కూడా ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. జువాలజీ లెక్చరర్ని కదా, పిన్ని నన్ను పిలిచింది.

లెన్సుతో వెతికాను. కుళ్లిన చోట ఒంటినిండా నూగుముళ్లున్న పురుగు కనిపించింది. పట్టకారుతో తీసి, దోషి దొరికిందని ప్రకటించాను.

అది నా పొరపాటు. ఆ పురుగు చచ్చినదాన్ని తిని శుభ్రం చేసేదే కానీ, బతికినదాన్ని చంపేది కాదు. ఆ సంగతి చదివి ఉండి కూడా, కళ్లెదుట దొరికినదాన్నే నమ్మాను.

పది రోజుల తర్వాత పిన్ని మళ్లీ కబురు పెట్టింది. ట్యాంకు నీళ్లు పోసిన బేసిన్‌లో రాయిని పెట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరే కళ్లజోడు తగిలించుకుని కూర్చుంది.

"ఏటే లెక్చరరమ్మా, పన్నెండు పువ్వులున్నాయి. పుల్లతో ముట్టుకుంటే పదకొండే ముడుసుకున్నాయి. ఈ మహారాణికి ఏటి రోగం?"

"ఏది పిన్నీ?"

"అరే బాబా, అదిగో! నడుస్తంది సూడు. పువ్వుకి కాళ్లొచ్చాయా?"

అది పువ్వు కాదు. న్యూడిబ్రాంక్ అనే పెంకులేని సముద్రపు నత్త. తిన్న పాలిప్ రంగునే ఒంటికి తెచ్చుకుని, వాటి మధ్యే పువ్వులా కూర్చుంటుంది.

ఆ తర్వాతి పని నాకు తెలుసు. గ్లౌజులు వేసుకుని, ట్యాంకు వేడికి సమానమైన, ఉప్పులేని మంచినీళ్లలో రాయిని కాసేపు ముంచాం. అడుగున దాక్కున్న ఇంకో నాలుగు నత్తలు ఆ నీళ్లకు తట్టుకోలేక రాలాయి. గుడ్లు మాత్రం అలా చావవు. పాలిప్స్ మొదళ్లలో తెల్లటి చుట్టల్లా అతుక్కుని ఉంటాయి. టూత్‌పిక్‌తో గీకాలి. తప్పించుకున్నవి పిల్లలై మళ్లీ గుడ్లు పెట్టకుండా, ఐదు రోజులకోసారి ముంచుతూనే ఉండాలి.

నెలన్నర పాటు పిన్ని ఒక్క విడత తప్పలేదు.

మధ్యలో ఒకరోజు నేనే విసిగి, "ఇంక ఈ రాయి వదిలేద్దాం పిన్నీ" అన్నాను. ఆవిడ నా చేతికో టూత్‌పిక్ ఇచ్చి, "ఆ మూల నువ్వు గీకు" అంది.

ఇవాళ పొద్దున ఆ ఇంటికి వెళ్లాను. ఊరి బయట ధర్సీవాలో ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లబ్బాయి రవి నన్ను ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లాడు.

రాయి నిండా పువ్వులే.

"అక్కా, నాన్న పగడాల్ని తినేసే పురుగుని నువ్వే పట్టావంట కదా. ఇంటికొచ్చినోళ్లందరికీ అమ్మ అదే చెప్పేది. తన తర్వాత ఇవి నీకే ఇచ్చేయమంది."

అతని మాట సరిదిద్దకుండానే వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రవీ, దాన్ని పట్టింది మీ అమ్మ. నేను పట్టింది ఏ పాపం ఎరుగని పురుగును. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

రాయిని ట్యాంకుతో సహా రేపు మా ఇంటికి తెచ్చుకుంటాను. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ జరిగింది జరిగినట్టే చెబుతాను.

వెళ్లిరా పిన్నీ. బాబాయ్ పక్కన నీకు చల్లని విశ్రాంతి దొరకాలి.